చేతి అలవాటు, ఫైలు బంధం: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారడంపై ఒక సమీక్ష

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2015 జులైలో వచ్చిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్ పదేళ్లు మన ఇళ్లలో, ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో పనిచేసింది. దాని తర్వాత వచ్చిన విండోస్ 11 అన్ని యంత్రాలనూ ఒప్పుకోదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ పైదో కావాలి. అందువల్ల కీబోర్డు, తెర, డిస్కు అన్నీ నిక్షేపంగా ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా ఒక్క తేదీతో పాతవైపోయాయి. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలు కల్పించారు గానీ అది గడువు పొడిగింపు మాత్రమే. ఈ యంత్రాలున్నవారికి మిగిలిన దారులు నాలుగు: విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొనడం, ఆపిల్ మ్యాక్‌కు మారడం, క్రోమ్‌బుక్ తీసుకోవడం, ఉన్న యంత్రంలోనే లినక్స్ వేసుకోవడం.

ఏ దారి పట్టినా కొన్నాళ్లు చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటు ఎక్కడ మొదలవుతుంది, ఎందుకు వస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరిని ఎక్కువ బాధిస్తుంది, దాన్ని తగ్గించుకునే మార్గాలేమిటి అన్నవి నలభై ఏళ్లకు పైగా పరిశోధకులూ సంస్థలూ ఎదుర్కొంటున్న ప్రశ్నలు. వాటికి దొరికిన జవాబులను ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్త ల్యాప్‌టాప్‌తో పడే ఇబ్బందిలో రెండు రకాలున్నాయి. మొదటిది చేతి అలవాటు. అది బాగా చికాకు పెడుతుంది, కానీ తీరిపోతుంది. రెండోది ఫైలు బంధం. మనం రాసుకున్నదీ, లెక్క కట్టుకున్నదీ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో, ఒకే ఫాంటులో తప్ప తెరుచుకోకపోవడం. ఎంత సాధన చేసినా అది తీరదు. మారేటప్పుడు మనం మొదటిదాన్ని చూసి భయపడతాం, రెండోదాన్ని మరిచిపోతాం. తెలుగులో రాసేవారికి ఈ మరుపు ఖరీదు మరీ ఎక్కువ.

చెయ్యి ఎక్కడ తడబడుతుంది

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి తర్వాత, ముందు యంత్రం సంగతి. విండోస్ నుంచి విండోస్‌కే మారినా ల్యాప్‌టాప్ వేరైతే వేళ్లు దారి తప్పుతాయి. థింక్‌ప్యాడ్లలో చాలా ఏళ్లపాటు ఎడమ చివర ఎఫ్ఎన్ కీ, దాని పక్కన కంట్రోల్ ఉండేవి. మిగతా కంపెనీల్లో ఎక్కువ భాగం దీనికి తిరగేసిన వరస. వేలు అలవాటుగా మూలకు పోతుంది, కాపీ చేశామనుకున్నది కాపీ కాదు. మైక్రోసాఫ్ట్ 2024 జనవరిలో ప్రకటించిన కోపైలట్ కీ చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో కుడివైపు కంట్రోల్ చోటును ఆక్రమించింది. పదిహేను అంగుళాల తెర నుంచి పద్నాలుగు అంగుళాల తెరకు వస్తే కుడిపక్కన అంకెల కీలు సాధారణంగా ఉండవు. మార్కులు ఎక్కించే ఉపాధ్యాయుడికీ, బిల్లులు కొట్టే గుమాస్తాకూ తెర సైజు కంటే ఆ అంకెల కీలే ముఖ్యం. విడిగా దొరికే చిన్న యూఎస్‌బీ అంకెల ప్యాడ్ కొంటే ఆ సమస్య ఆ పూటే తీరుతుంది.

విండోస్ నుంచి మ్యాక్‌కు వచ్చినవారి ఇబ్బందులు దాదాపు అందరికీ ఒకే వరసలో ఎదురవుతాయి. కంట్రోల్ చేసే పనులు ఇక్కడ కమాండ్ కీ చేస్తుంది. అది స్పేస్‌బార్ పక్కన ఉంటుంది కాబట్టి చిటికెన వేలి పని బొటనవేలికి వస్తుంది. విండో మూసే గుర్తు ఎడమవైపున ఉంటుంది. దాన్ని నొక్కితే విండో మూతపడుతుంది గానీ చాలా అప్లికేషన్లు నడుస్తూనే ఉంటాయి. పూర్తిగా ఆపాలంటే కమాండ్, క్యూ నొక్కాలి. డిలీట్ అని రాసి ఉన్న కీ విండోస్‌లోని బ్యాక్‌స్పేస్ పని చేస్తుంది. హోమ్ కీ వరుస మొదటికి కాక పత్రం మొదటికి తీసుకెళుతుంది. ఫైలును ఎంచుకుని ఎంటర్ కొడితే తెరుచుకోదు, పేరు మార్చమంటుంది. ఫైలును కట్ చేయడం కూడా అలవాటైన పద్ధతిలో కుదరదు. ముందు కాపీ చేసి, అతికించేటప్పుడు ఆప్షన్ కీ కూడా కలిపి నొక్కితే అది కొత్త చోటికి తరలుతుంది. విండోస్‌లో ఆల్ట్, ట్యాబ్ విండోలను తిప్పితే, మ్యాక్‌లో కమాండ్, ట్యాబ్ అప్లికేషన్లను తిప్పుతుంది. ఒకే అప్లికేషన్‌లో నాలుగు పత్రాలు తెరుచుకునేవారికి ఈ తేడా రోజంతా తగులుతుంది.

లినక్స్‌కు వచ్చినవారికి కీల తేడా తక్కువ, ఊహల తేడా ఎక్కువ. ఉబుంటు, మింట్ వంటి లినక్స్ రకాల్లో కంట్రోల్, సి నొక్కితే కాపీ అవుతుంది. టెర్మినల్‌లో మాత్రం అదే జత నడుస్తున్న పనిని ఆపేస్తుంది. సి డ్రైవ్, డి డ్రైవ్ అనేవి ఉండవు. అన్ని డిస్కులూ ఒకే మూలం నుంచి కొమ్మలుగా కనబడతాయి. ఫైలు పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగా లెక్క. సాఫ్ట్‌వేర్ కోసం వెబ్‌సైట్లు వెతికి ఇన్‌స్టాలర్ దించుకోవాల్సిన అవసరం చాలావరకు లేదు. అది పంపిణీదారుల భాండారం నుంచి వస్తుంది. ఇది నిజానికి తేలికైన, భద్రమైన పద్ధతి. కానీ ఇరవై ఏళ్లుగా సెటప్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసిన చేతికి మొదట్లో ఏదో లోపించినట్టే ఉంటుంది.

క్రోమ్‌బుక్‌లో నేర్చుకోవాల్సింది అన్నిటికంటే తక్కువ. చేయగలిగింది కూడా బ్రౌజర్ చుట్టూనే ఎక్కువగా తిరుగుతుంది. బ్రౌజర్‌లో జరిగే పనితో సరిపెట్టుకునేవారికి అది చాలు.

ఈ తేడాలు ఎందుకు వచ్చాయి

వీటిలో కొన్ని ఆలోచించి పెట్టుకున్నవి, కొన్ని చరిత్ర వదిలిపెట్టినవి. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ తీర్చిదిద్దారు. టెస్లర్ తర్వాత ఆపిల్‌లో చేరారు. జెడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు పక్కపక్క కీలకు ఈ పనులు అప్పగించిన ఏర్పాటు ఆపిల్ లీసా, మ్యాకింటోష్‌ల కాలంలో, 1983, 84లలో జనంలోకి వచ్చింది. ఐబీఎం 1987లో ప్రకటించిన ప్రమాణాల్లో కాపీకి కంట్రోల్, ఇన్సర్ట్; పేస్ట్‌కు షిఫ్ట్, ఇన్సర్ట్ ఉండేవి. విండోస్ మొదట ఆ దారిలోనే నడిచి తర్వాత ఆపిల్ అక్షరాలను తీసుకుంది, కమాండ్ బదులు కంట్రోల్ పెట్టుకుంది. పాత జతలు ఇప్పటికీ చాలాచోట్ల పనిచేస్తాయి.

మ్యాక్ మెనూ తెర పై అంచునే ఉండటానికి ఒక శాస్త్రీయ వాదన ఉంది. పాల్ ఫిట్స్ 1954లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం లక్ష్యం ఎంత పెద్దదైతే దాన్ని అందుకోవడం అంత త్వరగా జరుగుతుంది. తెర అంచున ఉన్నదాన్ని మౌస్ దాటిపోలేదు కాబట్టి అది ఎంతో పెద్ద లక్ష్యంతో సమానం. విండోస్ తన మెనూను ఒక్కో విండోకు విడిగా ఇచ్చింది. రెండు మూడు పత్రాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఏ మెనూ దేనిదో తేలిగ్గా తెలుస్తుంది. రెండింటికీ న్యాయమైన కారణాలున్నాయి. దీని మీద కోర్టు గొడవ కూడా నడిచింది. విండోస్ తన రూపాన్ని అనుకరించిందని ఆపిల్ 1988లో మైక్రోసాఫ్ట్‌పై వేసిన దావాలో తీర్పు చాలావరకు మైక్రోసాఫ్ట్ పక్షాన వచ్చింది. తెర మీది రూపం కూడా ఆస్తి తగాదా కాగలిగిన కాలం అది. తేడాలన్నీ వాడేవారి మేలు కోసమే పుట్టాయని అనుకోనక్కరలేదు.

సిస్టమ్ మార్చకుండానే కొత్తదనం మీద పడటమూ ఉంది. 2011లో మ్యాక్ ఓఎస్ లయన్ వేళ్ల కదలికకు పేజీ కదిలే దిశను తిప్పేసింది. అదే ఏడాది గ్నోమ్ 3 లినక్స్ డెస్క్‌టాప్ రూపాన్ని మార్చేసింది. నచ్చనివారి కోసం లినక్స్ మింట్ బృందం సినమన్ అనే డెస్క్‌టాప్ తయారుచేసింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తీసేసింది. నిరసన ఎంత వచ్చిందంటే ఏడాదికే విండోస్ 8.1లో ఆ బటన్‌ను, విండోస్ 10లో ఆ మెనూను తిరిగి పెట్టాల్సి వచ్చింది. పెద్ద సంస్థలు సైతం జనం చేతి అలవాటుకు తలవంచాయని ఇది రుజువు చేస్తుంది. తడబడేవారు తెలివితక్కువవారు కారు. వారి నైపుణ్యమే వారికి అడ్డం పడుతోంది.

పరిశోధన ఏం చెబుతోంది

ఒకచోట నేర్చినది మరోచోట ఎంత పనికొస్తుందన్న ప్రశ్నను 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించారు. రెండు పనుల్లో ఒకేలా ఉన్న అంశాలు ఎన్ని ఉంటే అంత పనికొస్తుందని వారు తేల్చారు. 1949లో చార్లెస్ ఆస్‌గుడ్ దీనికి ఒక ముఖ్యమైన సవరణ చేర్చాడు. సందర్భం పాతదిలాగే కనిపిస్తూ చేయాల్సిన పని వేరైతే, పాత నేర్పు సాయపడకపోగా చెరుపు చేస్తుంది. ఇల్లు మారిన కొత్తలో కరెంటు పోయినప్పుడు చెయ్యి పాత ఇంట్లో టార్చిలైటు ఉండే చోటునే తడుముతుంది కదా, అలాగన్నమాట. పూర్తిగా వేరైన యంత్రంతో మనం జాగ్రత్తగా ఉంటాం. దాదాపు ఒకేలా ఉన్న యంత్రమే మనల్ని పడగొడుతుంది. విండోస్ నుంచి ఫోన్‌కు వెళ్లినప్పుడు రాని చికాకు మ్యాక్‌కు వెళ్లినప్పుడు రావడానికి కారణం ఇదే.

ఆ చికాకు ఎంత సమయం తింటుందో అంచనా వేయడానికీ ఒక కొలమానం ఉంది. స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూయెల్ 1980లో ప్రచురించిన నమూనా ప్రకారం ఓ మోస్తరు నేర్పున్న టైపిస్టుకు ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. ఇప్పుడేం చేయాలని మనసు సిద్ధపడటానికి సుమారు 1.35 సెకన్లు పడుతుంది. అంటే ఆలోచించకుండా కొట్టే కీని ఆలోచించి కొట్టాల్సి వస్తే, కీ నొక్కే కాలానికి దాదాపు ఏడు రెట్లు అదనంగా పోతుంది. ఒక్కోసారి పోయేది సెకను పైచిలుకే. కానీ రోజుకు వందలసార్లు పోతుంది, పోయిన ప్రతిసారీ రాస్తున్న వాక్యం మీది నుంచి ధ్యాస చెదురుతుంది. కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మొదటి వారంలో ఒళ్లు అలిసిపోయినట్టు అనిపించడం అందుకే.

ఇంతవరకు చెప్పింది వింటే మారకపోవడమే మేలనిపిస్తుంది. అయితే ఇదే రంగంలోని మరో ప్రయోగం దీనికి ఎదురు నిలబడుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్క్ సింగ్లీ, జాన్ ఆండర్సన్ 1980లలో టెక్స్ట్ ఎడిటర్లు నేర్చుకునేవారిని ఒక్కొక్క కీ నొక్కు చొప్పున పరిశీలించారు. ఈమ్యాక్స్ అనే ఎడిటర్ నేర్పిన తర్వాత, అదే ఎడిటర్‌లో ఆదేశాల కీలన్నీ తారుమారు చేసి ఇచ్చారు. ఆస్‌గుడ్ లెక్క ప్రకారం వారు ఘోరంగా తడబడాలి. అలా జరగలేదు. తడబాటు కొద్దిపాటిదే, పాత నేర్పు ఇచ్చిన లాభం దానికంటే చాలా పెద్దది. ఎందుకంటే ఎడిటర్ వాడటంలో కష్టమైన భాగం కీలు గుర్తుపెట్టుకోవడం కాదు. ఏం మార్చాలి, ఏ వరసలో మార్చాలి, ఎక్కడికి వెళ్లాలి అని తేల్చుకోవడం కష్టమైనది. ఆ జ్ఞానం కీలతో పాటు పోలేదు.

నా దృష్టిలో ఈ ప్రశ్నంతటికీ ఇదే కీలకమైన ఆధారం. కొత్త సిస్టమ్‌లో పోయేది వేళ్లలోని పైపొర మాత్రమే. పత్రాన్ని ఎలా అమర్చాలో, ఫోల్డర్లు ఎలా విభజించుకోవాలో, పట్టికలో ఏ లెక్క వేయాలో మనకు తెలిసినదంతా మన వెంటే వస్తుంది. పోయింది కళ్ల ముందు కనిపిస్తుంది, వెంట వచ్చింది కనిపించదు. అందుకే నష్టాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటాం.

మరి ఎన్నాళ్లు? ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారుతుందన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనుషుల మధ్య తేడా 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అది తిండి, వ్యాయామాల గురించిన అధ్యయనం కాబట్టి ఆ అంకెలను కీబోర్డుకు యథాతథంగా అంటగట్టకూడదు. దాని నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే: మనిషికీ మనిషికీ తేడా చాలా పెద్దది. పక్క సీటువారికి వారంలో వచ్చినది మనకు రెండు నెలలు పడితే అందులో తప్పేమీ లేదు.

ఐబీఎంలో పనిచేసిన జాన్ కారోల్, మేరీ బెత్ రాసన్ 1987లో చెప్పిన మాట కూడా ఇక్కడ పనికొస్తుంది. జనం మాన్యువల్ చదవరు, నేరుగా పనిలోకి దిగుతారు. కొత్తదాన్ని పాతదాని వెలుగులోనే అర్థం చేసుకుంటారు. దీర్ఘకాలంలో ఇది నష్టమే, కానీ మనిషి స్వభావం అది. చేతిలో పని ఉన్నవాడు పాఠం కోసం ఆగడు. కాబట్టి నేర్పడమనేది పనిలో భాగంగా, చిన్న మోతాదుల్లో జరగాలి. రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టి చేతులు దులుపుకుంటే ఫలితం ఉండదు.

సాధనతో తీరనిది

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. చెయ్యి కుదురుకున్నాక కూడా తీరని ఇబ్బందులు ఇవి.

ట్యాలీలో ఏళ్ల తరబడి ఖాతాలు రాసిన చిన్న వ్యాపారి లినక్స్‌కు మారలేడు. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైంది. విండోస్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కును మ్యాక్‌కు తగిలిస్తే చదవగలదు గానీ, విడిగా సాఫ్ట్‌వేర్ వేసుకోకుండా అందులో రాయలేదు. రెండింటిలోనూ నడవాలంటే డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ లేనిదే అక్షరం రాదు. డిజిటల్ సంతకపు టోకెన్‌తో టెండర్లు వేసేవారు మారే ముందు ఆ టోకెన్ డ్రైవర్ కొత్త సిస్టమ్‌కు దొరుకుతుందో లేదో చూసుకోవాలి. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్న ఆఫీసుకు లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ అన్నీ యథాతథంగా నడిపిస్తుందన్న హామీ లేదు.

వీటికి మందు బహిరంగ ప్రమాణాలు. ఓపెన్‌డాక్యుమెంట్ 2006లో, పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. మన కేంద్ర ప్రభుత్వం 2010లో ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించింది. అయినా ఒక ఫలానా సాఫ్ట్‌వేర్‌లోనే దరఖాస్తు నింపి పంపమనే కార్యాలయాలు నేటికీ ఉన్నాయి. పౌరుడు ఏ కంప్యూటర్ కొనాలో పరోక్షంగా కార్యాలయం నిర్ణయిస్తోందన్నమాట. ఇది మారాలి.

తెలుగు రాసేవారి సంగతి

తెలుగువారికి ఈ ఫైలు బంధం అన్నిటికంటే గట్టిగా బిగిసింది డీటీపీ రంగంలో. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ జంట మీద మన పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పత్రికలు ఎన్నో ఏళ్లు అచ్చయ్యాయి. ఈ రంగానికి ఆ జంట చేసిన మేలు తక్కువది కాదు. అయితే ఆ ఫాంట్లు యూనికోడ్ కంటే ముందు కాలం పద్ధతివి. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన అంకెల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టి నడిపిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి తప్ప తెలుగు కనబడదు. అందులో వెతకలేం, వరసలో పెట్టలేం, వెబ్‌లో పెట్టలేం. పేజ్‌మేకర్ 7.0 దగ్గరే ఆగిపోయింది. దాని యజమాని అడోబీ తన శ్రమను ఇన్‌డిజైన్‌కు మళ్లించింది. ఆ తరం ఫైళ్లలో ఉన్న పుస్తకాలను చదవాలంటే ఆ తరం విండోస్ యంత్రాన్ని బతికించుకోవాల్సిన పరిస్థితి ఎన్నో ముద్రణాలయాల్లో ఉంది.

యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు చోటిచ్చింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును ఇంటింటి కంప్యూటర్‌లోకి తెచ్చింది. భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లో నిర్ణయించింది. యూనికోడ్‌లో రాసిన తెలుగు విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్ ఎక్కడైనా తెలుగుగానే ఉంటుంది. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుందే గానీ అక్షరం పోదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలున్నాయి. వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర అవి పొరపడతాయి కాబట్టి మార్చిన ప్రతిని కూర్చుని దిద్దాల్సిందే. శ్రమే, కానీ ఒకసారి పడితే చాలు.

టైపింగ్ లేఅవుట్ విషయంలో తెలుగువారిది రెండంచెల అలవాటు. ఆపరేటింగ్ సిస్టమ్ అలవాటు ఒకటి, తెలుగు కీబోర్డు అలవాటు మరొకటి. అనులో ఆపిల్, మాడ్యులర్ వంటి లేఅవుట్లతో వేగం సంపాదించినవారున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవారున్నారు. వీవెన్ తయారుచేసిన లేఖిని ద్వారా బ్లాగుల తరం తెలుగులోకి వచ్చింది. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌ను విండోస్‌లో వేసుకుని రాసినవారు, గూగుల్ ఆ ఇన్‌స్టాలర్‌ను ఆపేశాక కొత్త యంత్రంలో దిక్కు తోచక నిలబడ్డారు. ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చినదాని మీద చేతి నైపుణ్యమంతా కట్టుకుంటే ఇలాంటి రోజు వస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్ విలువ ఇక్కడే తెలుస్తుంది. భారత ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఆ లేఅవుట్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ముందే ఉంటుంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘క’ ఉన్న కీ మీదే కన్నడంలో, హిందీలో కూడా ఆ భాష ‘క’ ఉంటుంది. మొదటి నెల కష్టమే. ఇంగ్లిషు ఉచ్చారణతో రాసే పద్ధతి వచ్చినంత తేలికగా ఇది రాదు. కానీ ఒకసారి వేళ్లకు పట్టాక ఏ యంత్రం ముందు కూర్చున్నా ఏదీ దించుకోనవసరం లేకుండా తెలుగు రాయవచ్చు. పాత లేఅవుట్లను వదలలేనివారికి లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటు ద్వారా ఆపిల్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు దొరుకుతాయి. ఉచ్చారణ పద్ధతే కావాలంటే విండోస్ 10 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు సిస్టమ్‌తోనే వస్తోంది.

అక్షరాలను తెర మీద సరిగా కూర్చి చూపించడం కూడా ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యతే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరపు ఒక ప్రత్యేక కూర్పు వస్తే ఐఫోన్లు, మ్యాక్‌లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది. తెలుగు లిపికి జరగాల్సిన పరీక్షలు ఇంగ్లిషుకు జరిగినంత లోతుగా జరగడం లేదని ఆ ఘటన తెలియజెప్పింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తేవడానికి పడిన శ్రమ ఈ లోటును పూడ్చే ప్రయత్నమే. అలాంటి పనికి దక్కిన ఆదరణ చాలదు.

సంస్థల అనుభవం

వ్యక్తుల సంగతి ఇలా ఉంటే, వేల మంది ఒకేసారి మారిన చోట్ల ఏమైంది?

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్ వదిలి లినక్స్‌కు మారాలని నిర్ణయించింది. అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వెళ్లి మేయర్‌ను కలిసినా నిర్ణయం మారలేదు. లిమక్స్ పేరుతో సాగిన ఆ పని 2013 నాటికి పద్నాలుగు వేలకు పైగా కంప్యూటర్లకు చేరింది. 2017లో నగర మండలి తిరిగి విండోస్ వైపు మొగ్గింది. రాజకీయ నాయకత్వం మారడం, నగరంలో ఐటీ నిర్వహణ ముక్కలు ముక్కలుగా ఉండటం, బయటి కార్యాలయాలతో పత్రాల మార్పిడి, విండోస్‌కు మాత్రమే ఉన్న ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు, ఇవన్నీ కలిసి ఆ మార్పును దెబ్బతీశాయి. ఉద్యోగుల వేళ్లు కుదురుకోలేదన్నది ప్రధాన కారణం కాదు. పదేళ్లలో వేళ్లు కుదురుకుంటాయి. పత్రాల బంధమే తెగలేదు.

ఫ్రాన్స్‌లో పోలీసు విధులు చూసే సైనిక దళమైన జాండర్మరీ వేరే వరస పాటించింది. 2005లో విండోస్ ఉంచుతూనే ఆఫీసు పత్రాలను ఓపెన్‌ఆఫీస్‌కు మార్చింది. ఆ తర్వాత బ్రౌజర్, మెయిల్ మార్చింది. సిబ్బంది రోజూ వాడే అప్లికేషన్లు అలవాటయ్యాక, 2008 నుంచి కింద ఉన్న విండోస్‌ను తీసి ఉబుంటు పెడుతూ వచ్చింది. సిబ్బందికి కొత్తగా నేర్చుకోవాల్సింది అప్పటికి పెద్దగా మిగల్లేదు. ఆ విధంగా పదుల వేల కంప్యూటర్లు మారాయి. ఉత్తర జర్మనీలోని ష్లేస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో ముప్పై వేల కంప్యూటర్ల మార్పు ప్రకటించినప్పుడు కూడా లిబ్రెఆఫీస్‌నే ముందు పెట్టింది.

మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం 2000 దశకం మధ్యలో బడులను గ్నూ లినక్స్‌కు మళ్లించింది. ఉపాధ్యాయులకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలను అదే సాఫ్ట్‌వేర్ ఆధారంగా రాశారు, మలయాళాన్ని అందులో పదును పెట్టారు. ఇప్పుడు కైట్ అనే సంస్థ ఆ పని చూస్తోంది. అక్కడి పిల్లలకు లినక్స్ కొత్తది కాదు, మొదటిది. మొదటిది ఏదైతే అదే తేలికైనదిగా అనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ నిపుణుడు జెఫ్ రాస్కిన్ 1994లో ఒక వ్యాసంలో వాదించింది అదే: తేలిగ్గా అర్థమవుతుందని మనం మెచ్చుకునే రూపం నిజానికి మనకు పరిచయమైన రూపమే. తెలుగు రాష్ట్రాల బడులు ఈ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

తెర చూడలేనివారు

ఈ చర్చల్లో తరచుగా విడిచిపెట్టేసే వర్గం ఒకటుంది. చూపు లేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్‌తో వింటూ, పూర్తిగా కీబోర్డు మీద నడుపుతారు. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏను 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్, ఆయనతో కలిసి దాన్ని పెంచిన జేమ్స్ టే ఇద్దరూ చూపు లేనివారే. మ్యాక్‌లో 2005 నుంచి వాయిస్‌ఓవర్ ఉంది, లినక్స్‌లో ఓర్కా ఉంది. మూడింటి ఆదేశాలు వేర్వేరు. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్ కీ చేసే పనిని వాయిస్‌ఓవర్‌లో కంట్రోల్, ఆప్షన్ జత చేస్తుంది. చూపున్నవారు తడబడినప్పుడు మౌస్ పట్టుకుని మెనూలో వెతుక్కుంటారు. వీరికి ఆ ఆసరా లేదు. పైపొర పోవడం వీరికి మొత్తం దారి మూసుకుపోవడంతో సమానం. పైగా తెలుగు చదివే గొంతు నాణ్యత ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది. కార్యాలయం మొత్తం మార్చాలనుకునేవారు మొదట వీరిని అడిగి తర్వాత నిర్ణయించుకోవడం న్యాయం.

ఏం చేస్తే తేలిక

పైన చూసినదాన్నిబట్టి కొన్ని సలహాలు నమ్మకంతో చెప్పవచ్చు.

మొదటిది, యంత్రం మార్చే ముందు అప్లికేషన్లు మార్చండి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ వంటివి మూడు సిస్టమ్‌లలోనూ ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లోనే వాటికి అలవాటు పడితే మారే రోజున పరిచయమైన ముఖాలే ఎదురవుతాయి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, డిస్కును ముట్టుకోకుండానే వైఫై, ప్రింటర్, స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.

రెండోది, కీలు మార్చుకోవాలా, చేతిని మార్చుకోవాలా అన్న వివాదం. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్‌లను తారుమారు చేసుకునే వీలు సెట్టింగుల్లోనే ఉంది. విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే ఉపకరణం ఆ పని చేస్తుంది. పాత సిస్టమ్‌ను పూర్తిగా వదిలేస్తున్నవారు కీలు మార్చుకోకుండా కొత్త పద్ధతే నేర్చుకోవడం మంచిది. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి వాడేవారు మాత్రం రెండూ ఒకేలా ఉండేట్టు మార్చుకోవాలి. ఆస్‌గుడ్ చెప్పిన చెరుపు రోజూ అటూ ఇటూ తిరిగేవారికే ఎక్కువ.

మూడోది, దారి గుర్తుపెట్టుకోవడం మానేసి పేరుతో వెతకడం నేర్చుకోండి. విండోస్ కీ నొక్కి టైపు చేయడం, మ్యాక్‌లో కమాండ్, స్పేస్ నొక్కి టైపు చేయడం, ఉబుంటులో సూపర్ కీ నొక్కి టైపు చేయడం ఒకే పద్ధతి. ఏ సెట్టింగు ఏ మెనూలో దాగిందో తెలియకపోయినా పేరు తెలిస్తే చాలు.

నాలుగోది, కొత్తగా నేర్చేవారి పక్కన కూర్చునే మనిషి ఓపిక. ఇంట్లో పెద్దవారికి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు మౌస్ లాక్కుని చేసి చూపిస్తే వారికి ఏమీ రాదు. వారి చేతనే, వారికి కావాల్సిన పని మీదే చేయించాలి. పింఛను పత్రం దించుకోవాలనుకునే తాతగారికి డెస్క్‌టాప్ రంగులు మార్చడం నేర్పి లాభం లేదు.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఫైళ్లలో ఏవి ఎక్కడైనా తెరుచుకుంటాయి, ఏవి తెరుచుకోవు అన్న జాబితా రాసుకోండి. తెరుచుకోనివాటిని పాత యంత్రం నడుస్తుండగానే మార్చండి. యూనికోడ్ కాని తెలుగు ఫైళ్లు ఆ జాబితాలో మొదట ఉండాలి. పాత యంత్రం చెడిపోయాక, పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు డాంగిల్ పోయాక ఆ పని చేయడం ఎంతో కష్టం, ఒక్కోసారి అసాధ్యం.

పరిశోధనలూ సంస్థల అనుభవాలూ కలిపి చూస్తే తేలేది ఇది. చేతి అలవాటు గురించిన భయం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది, ఫైలు బంధం గురించిన జాగ్రత్త ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. కొత్త కీలు నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రోజులు గడిస్తే వస్తాయి. ఫైళ్ల విడుదల మాత్రం ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతుంది. ఇంట్లో మనం పూనుకోవచ్చు. ముద్రణాలయాల్లో, బడుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఇన్నేళ్లుగా పేరుకున్న తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లోకి, బహిరంగ ఫార్మాట్లలోకి తేవడం ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు కలిసి చేయాల్సిన పని. అది పూర్తయిన రోజున ఏ తెలుగువాడైనా తన అవసరాన్నిబట్టి, జేబునుబట్టి ల్యాప్‌టాప్ ఎంచుకుంటాడు. ఒక ఫాంటు కోసమో, ఒక పాత సాఫ్ట్‌వేర్ కోసమో పాత యంత్రానికి కట్టుబడి ఉండాల్సిన అవసరం రాదు.